చబుత్రో: పక్షులకొక మేడ

మనుష్యుడు తనకు ఇల్లు కట్టుకొనును. పశువులకు కొట్టమును, ధాన్యమునకు గాదెయు, దేవునికి గుడియు కట్టుట కూడ అన్ని దేశములలోను కలదు. కాని పాలీయని, బరువు మోయని, గుడ్ల కొరకైనను పెంచబడని పక్షికి వీధినడుమ ఒక మేడ కట్టించి, తన ఇంటి ద్వారబంధమునకు చేయించిన నగిషీనే దానికిని చేయించుట అరుదైన విషయము. గుజరాతు నగరములలోను పల్లెలలోను కనిపించు చబుత్రో అట్టి కట్టడము.

ఉత్తర భారతమున ‘చబూతరా’ అనగా అరుగు. గుజరాతీ భాషలో ‘చబుత్రో’ అను మాట పక్షులకు గింజలు వేయు ఎత్తైన కట్టడమునకు రూఢియైనది. నిలువెత్తుకు మించిన స్తంభ మొకటి. దానిపై ఐదో, ఆరో, ఎనిమిదో కోణములు గల అర. అర చుట్టు చిన్న పిట్టగోడ. పైన గొడుగువంటి కప్పు. స్తంభము చుట్టును మనుష్యులు కూర్చుండుటకు తరచు ఒక అరుగుండును. పైన పక్షులు గింజలు తినుచుండగా, క్రింద వృద్ధులు ముచ్చటించుకొనుచుందురు. పల్లెలలో దీనిని రాతితోను, ఇటీవల సిమెంటుతోను కట్టిరి. ప్రాచీన నగరపు వాడలలో కొయ్యతో చేసినవి ఎక్కువ అందమైనవి.

కొయ్యపనికి అహమ్మదాబాదు పేరుపొందిన నగరము. సుల్తాను అహమ్మద్ షా 1411లో దీనిని స్థాపించెను. కోటలోపలి జనులు ‘పోల్’ అను వాడలలో నివసించిరి. పోల్ అనగా ఒక ద్వారముగల ఇరుకు సందుల సముదాయము. రాత్రియైనచో ఆ ద్వారము మూయబడెడిది. ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని యుండుటచే చెట్టు నాటుటకు చోటు తక్కువ. చెట్టు లేనిచోట పక్షికి కొమ్మ ఎక్కడిది? చబుత్రో ఆ లోటును కొంత తీర్చెను. దాంగ్, వల్సాడు అడవుల టేకును, తరువాత సముద్రముమీద బర్మానుండి వచ్చిన టేకును ఈ నగరపు వడ్రంగులు వాడిరి. 1822లో కాలుపూరున కట్టిన స్వామినారాయణ మందిరమందు బర్మా టేకుపై వారి ఉలి చేసిన పని నేటికిని చూడవచ్చును. చబుత్రోల ఊతకొయ్యలపైన కనిపించు లతలును, పువ్వులును అదే విద్యకు చెందినవి.

నగిషీని తీసివేసి చూచినను దీని నిర్మాణములో మంచి యోచన కనిపించును. స్తంభము ఎత్తుగ నుండుట పిల్లులకును కుక్కలకును అందకుండుటకు. చూరు ముందుకు వచ్చుట వానచినుకు గింజపై పడకుండుటకు. తడిసిన గింజ బూజుపట్టి పక్షికి కీడు చేయును. పిట్టగోడ గింజను జారనీయదు. దాని అంచే పక్షి వ్రాలుటకు ఆధారము. అన్ని వైపులును తెరచి యుండుటచే, డేగ వచ్చినచో ఏ దిక్కునకైనను ఎగిరిపోవచ్చును. మనిషి మాత్రము నిచ్చెన వేసికొని ఎక్కి గింజ వేసి దిగవలసినదే. కట్టినవాడు పక్షి అవసరములను గమనించి కట్టెనని ఇందువలన తెలియుచున్నది.

ఇతర దేశములలోను పక్షులకు గోపురములు కట్టిరి. 17వ శతాబ్దిలో, సఫవీ రాజుల కాలమున, ఇరానులోని ఇస్ఫహాను పరిసరములలో వేలకొలది పావురములు వసించు గొప్ప బురుజులు వెలసినవి. వాని ప్రయోజనము రెట్ట. అది కర్బూజా పొలములకు ఎరువు. ఐరోపాలో పావురముల గూళ్లు మాంసము కొరకు కట్టబడినవి. ఫ్రాన్సులో అట్టి గూడు కలిగియుండుట పెక్కుచోట్ల భూస్వామికే చెందిన హక్కు. ఆయన పావురములు రైతు చల్లిన విత్తులను తినుచున్నను రైతు వానిని చంపరాదు. 1789 ఆగస్టులో విప్లవసభ భూస్వాముల విశేషాధికారములను రద్దుచేసినపుడు, ఈ హక్కును రెండవ అంశముగనే పేర్కొని తీసివేసెను. అచ్చట పక్షి ప్రభువుది, గింజ పేదవానిది. గుజరాతులో గింజయు వాడవారిదే, పక్షి ఎవరిదియు కాదు.

ఈ గింజను గుజరాతీలు ‘చణ్’ అందురు. జొన్నలు, సజ్జలు, గోధుమలు అందు ముఖ్యమైనవి. గతించిన తలిదండ్రుల పేర చబుత్రో కట్టించుట ఒక ఆచారము. వర్తకుల మహాజన సంఘములు సరకుపై కొద్దిపాటి రుసుము విధించి, ముసలి పశువులను పోషించు పాంజరాపోలులకు ఇచ్చెడివి. జైనుల అహింసయు, వైష్ణవుల భూతదయయు ఇట్లు అంగడిలెక్కలలో చేరినవి. తెలుగుదేశమున కోతలకాలమందు వరికంకులను కుచ్చుగ అల్లి, వసారా దూలమునకో గుడిమండపమునకో పిచ్చుకలకై వ్రేలాడదీయు ఆచారము కలదు. అది ఒక ఇంటివారు ఒక ఋతువున చేయు పని. చబుత్రో ఒక వాడ యేడాది పొడవున మోయు బాధ్యత.

గుజరాతునందే గిర్నారు బండపై చెక్కించిన రెండవ శాసనమున అశోకుడు మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచినట్లు చెప్పెను. ఆయన ఐదవ స్తంభశాసనమున చంపరాని ప్రాణుల పట్టికలో చిలుకలు, గోరువంకలు, తెల్లపావురములు, ఊరిపావురములు ఉన్నవి. నాటి రాజాజ్ఞనుండి నేటి చబుత్రోవరకు తెగని దారమొకటి ఉన్నదనుట తొందరపాటు. కాని ఈ నేలపై అట్టి దయ కొత్తది కాదని చెప్పవచ్చును. 1623లో ఖంబాతునకు వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె అచ్చట పక్షుల వైద్యశాలను చూచెను. తల్లిలేని ఎలుకపిల్లలను పత్తిలో పరుండబెట్టి, ముక్కుమీద కళ్లజోడుతో, ఈకకొనతో పాలు పట్టుచున్న తెల్లగడ్డపు వృద్ధుని అతడు వర్ణించెను.

ఇట్టి చరిత్రగల కట్టడము నేడు రెండు విధముల చిక్కులలో ఉన్నది. మొదటిది పాతనగరపు క్షయము. 1892లో సాబర్మతిపై ఎల్లిసు వంతెన ఏర్పడిన తరువాత నగరము క్రమముగ పశ్చిమతీరమునకు పెరిగెను. పోల్‌లలోని కుటుంబములు పెక్కు అటు తరలిపోయినవి. 2017లో యునెస్కో ఈ పాతనగరమును ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను. గుర్తింపువలన కొయ్యకు మరమ్మతు జరుగవచ్చును. నిచ్చెన ఎక్కి గింజవేయు చేయి మాత్రము దానివలన రాదు.

రెండవ చిక్కు దయనుగూర్చినదే. ముంబయిలో పావురములకు గింజలువేయు స్థలములను కబూతర్‌ఖానాలందురు. 2025 జూలైలో అట్టి 51 స్థలములను మూయింపవలెనని మహారాష్ట్ర ప్రభుత్వము నగరపాలక సంస్థను ఆదేశించెను. పావురముల రెట్టలనుండి, ఈకలనుండి లేచు ధూళిని నిరంతరము పీల్చినచో కొందరికి ఊపిరితిత్తులు వాచి క్రమముగ గట్టిపడును. ఆగస్టులో దాదరున నిరసనలు జరిగినవి. వివాదము ఉన్నత న్యాయస్థానము ఎదుటికి వచ్చెను. ఒకరు ప్రాణభయమును చెప్పిరి, ఒకరు ధర్మమును చెప్పిరి. రెండును అబద్ధములు కావు.

పావురము స్వభావముచేత కొండచరియల పక్షి. ఎత్తైన భవనముల అంచులే దానికి చరియలు. అడుగకనే గింజ దొరకినచో అది ఎంతైనను వృద్ధిచెందును. పిచ్చుక కథ వేరు. అది పాత ఇండ్ల దూలముల సందులలో గూడుకట్టుకొనును. పిల్లలకు పురుగులను తెచ్చి పెట్టును. సిమెంటు గోడకు సందు లేదు, మందుకొట్టిన తోటలో పురుగు లేదు. బస్తాలకొలది జొన్నలు కుమ్మరించినను దానికి ఈ రెండును రావు. పక్షిని ఎరుగక చేసిన దానము ఒక జాతిని పెంచి, మరియొక జాతిని మరచును.

ఇచ్చట పాత చబుత్రో అడుగున నుండు అరుగును జ్ఞాపకముచేసికొనవలెను. గింజవేసిన వాడవారే దానిక్రింద కూర్చుండవలెను. రెట్ట పేరుకొన్నచో, గింజ కుళ్లినచో, మొదట బాధపడువారు వారే. కనుక శుభ్రపరచవలసినవారును వారే. పెద్ద కూడలిలో బస్తా విప్పి, పుణ్యము మూటకట్టుకొని బండి ఎక్కి పోవువానికి ఆ బాధ లేదు. దుమ్మును పీల్చునది ఆ కూడలిలో నివసించువాడు. దయ ఫలమును అనుభవించువారును, దాని భారమును మోయువారును ఒకరే యగునట్లు కట్టుటయే చబుత్రో ఘనత.

నేడు నగరములలో కొందరు వసారాలకు చిన్న కొయ్యపెట్టెలు వ్రేలాడదీసి గింజయు నీరును పెట్టుచున్నారు. వడ్రంగి వారిని అడుగవలసిన ప్రశ్నలు పాతవే: పిల్లికి అందునా? వాన తగులునా? ఏ పక్షికొరకు? రేపు ఉదయము దీనిని కడుగువారెవరు?