రాజాజీ ఆర్థికమంత్రిత్వం: మద్యనిషేధం, అమ్మకపు పన్ను (1937–1939)

ప్రభుత్వాల చరిత్రను మనం సాధారణంగా ఎన్నికలు, ఉద్యమాలు, నాయకుల ప్రసంగాల ద్వారా తెలుసుకొంటాము. ఏటేటా చట్టసభ ముందుకు వచ్చే ఆదాయవ్యయ పట్టికను తెరచి చూసేవారు తక్కువ. ప్రభుత్వం ఎవరి వద్ద సొమ్ము తీసుకొంటున్నది, ఆ సొమ్మును ఎవరి కోసం వెచ్చిస్తున్నది అనే రెండు ప్రశ్నలకు సమాధానం ఆ పట్టికలోనే ఉంటుంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1937 నుండి 1939 వరకు చక్రవర్తి రాజగోపాలాచారి ఆర్థికమంత్రిగా నిర్వహించిన కృషి ఈ దృష్టితో పరిశీలింపదగినది. ఆయన ఒక పెద్ద రాబడిని బుద్ధిపూర్వకంగా వదులుకొన్నారు. దానికి బదులుగా దేశంలో అంతకుముందు లేని ఒక పన్నును శాసనసభ చేత ఆమోదింపజేశారు. ఆ పన్ను సంతతి నేటికీ మన ప్రతి కొనుగోలు చీటీ మీదా కనిపిస్తూనే ఉన్నది.

రాజాజీ 1878 డిసెంబరు 10న హోసూరు సమీపంలోని తొరపల్లి గ్రామంలో జన్మించారు. తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలగలిసి వినిపించే సీమ అది. 1900 ప్రాంతంలో సేలంలో న్యాయవాదవృత్తి చేపట్టి, తరువాత ఆ పురపాలక సంఘానికి అధ్యక్షత వహించారు. 1925లో తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమాన్ని స్థాపించి, మద్యపాన నిర్మూలనకై 'విమోచనం' అనే తమిళ పత్రికను నడిపారు. కూలి డబ్బులు ఇల్లు చేరకుండానే దుకాణంలో కరిగిపోవడం ఆ గ్రామాలలో ఆయన దగ్గరగా చూచిన విషయము.

ఖజానా స్థితి

1935 భారత ప్రభుత్వ చట్టం క్రింద 1937లో జరిగిన ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలకు 159 కాంగ్రెసుకు దక్కినవి. ఆ సంవత్సరం జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. అప్పటి వాడుకలో ఆయన 'ప్రధానమంత్రి'. నేటి మాటలో ముఖ్యమంత్రి. ఆర్థికశాఖను ఆయన తన చేతిలోనే ఉంచుకొన్నారు. రెవిన్యూశాఖ టంగుటూరి ప్రకాశం పంతులు గారిది. కార్మిక, పరిశ్రమల శాఖలు వి.వి. గిరి గారివి; స్థానిక పరిపాలన బెజవాడ గోపాలరెడ్డి గారిది. శాసనసభాపతి బులుసు సాంబమూర్తి గారు. ఈ విధంగా ఆ ప్రభుత్వ భారంలో తెలుగువారి పాలు గణనీయమైనది.

పదవి వచ్చినది గాని ధనాధికారం పూర్తిగా రాలేదు. గవర్నరు జీతభత్యాలు, ఋణాలపై వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల వేతనాలు మొదలైనవి సభ్యుల వోటుకు లోబడనివి. మిగిలిన పద్దులపైననే సభకు అధికారము. ఆదాయపు పన్ను, కస్టమ్సు సుంకాలు కేంద్రానివి. 1936 నాటి నీమెయర్ నిర్ణయం ప్రకారం ఆదాయపు పన్నులో సగం రాష్ట్రాలకు పంచవలసి ఉండగా, ఆ సగంలో మద్రాసు వాటా నూటికి 15 మాత్రమే. అదియైనా కేంద్రం తన అవసరాలు చూచుకొన్న మీదట క్రమక్రమంగా అందవలసినదే. కనుక రాష్ట్రానికి ప్రధానంగా మిగిలినవి భూమిశిస్తు, స్టాంపులు, ఆబ్కారీ. కల్లు, సారాయి, మత్తుపదార్థాలపై వచ్చే ఆబ్కారీ రాబడి ఒక్కటే రాష్ట్రాదాయంలో స్థూలంగా నాలుగవ వంతు ఉండేది.

ఈ రాబడికి విద్యతో ఉన్న సంబంధం మన వంటి పాఠశాలల చరిత్ర చదివేవారు గమనింపదగినది. 1919 సంస్కరణల తరువాత వచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో విద్య, ఆబ్కారీ రెండూ భారతీయ మంత్రులకు అప్పగించబడినవి. బడులు పెంచవలెనంటే సొమ్ము కావలెను. మంత్రి చేతిలో ఉన్న సొమ్ము మద్యం మీద వచ్చినది. తండ్రి తాగితేనే బిడ్డకు చదువు అన్న దుస్థితి ఏర్పడింది. గాంధీజీ 1937లో ఈ ముడిని విప్పితీరవలెనని గట్టిగా వాదించారు. ఆ అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసమావేశం చేతివృత్తి మూలంగా బోధన సాగవలెనని తలపోయడానికి గల కారణాలలో, మద్యపు సొమ్ము లేకుండా బడి నడవవలెనన్న చింత కూడా ఒకటి.

సేలంలో తొలి అడుగు

రాజాజీ రాష్ట్రమంతటా ఒక్కసారిగా నిషేధం విధించలేదు. 1937 అక్టోబరు 1న తన సొంత జిల్లాయైన సేలంలో మాత్రం ప్రారంభించారు. నాటి సేలం జిల్లాలో నేటి నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ప్రాంతం కూడా చేరి ఉండేది. అందుచేత హోసూరు, కృష్ణగిరి పరిసరాల తెలుగు గ్రామాలు ఈ ప్రయోగాన్ని మొదటినాటినుండే అనుభవించినవి. సరిగ్గా సంవత్సరం తరువాత, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 అక్టోబరు 1న ఉత్తర ఆర్కాటు జిల్లాకు నిషేధం విస్తరించింది.

జిల్లా వెంట జిల్లాగా నడవడంలో ఆర్థికమంత్రి జాగ్రత్త కనబడుతుంది. ఆబ్కారీ రాబడి అంతా ఒకే సంవత్సరంలో పోతే ఆసుపత్రులు, బడులు, రోడ్లు నిలిచిపోవలసి వచ్చేది. ఏటికి ఒకటి రెండు జిల్లాల నష్టమైతే లెక్క వేసి పూడ్చుకొనవచ్చును. ఒక జిల్లా అనుభవం మరొక జిల్లాకు పాఠమవుతుంది. అయితే ఈ పద్ధతికి తగిన కష్టాలూ ఉన్నవి. నిషేధమున్న తాలూకాకు సరిహద్దు దాటితే మైసూరు సంస్థానమో, నిషేధం లేని మరొక జిల్లాయో ఉండేది. తాటిచెట్లు, ఈతచెట్లు గీసి బ్రతికే కుటుంబాల జీవనాధారం ఒక్క ఆజ్ఞతో పోయింది. పులియని తీపికల్లుతో బెల్లం వండుకొనే ఏర్పాట్లు, సహకార సంఘాలు కొంత ఆసరా ఇచ్చినవేగాని, పోయిన వృత్తికి అవి పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు. ఒక సంస్కరణ మూల్యాన్ని ఎవరు చెల్లించారని అడిగినప్పుడు ఖజానాతో పాటు ఈ గీత కార్మికులను కూడా చెప్పవలసి ఉంటుంది.

లోటు పూడ్చే మార్గం

ఆర్థికమంత్రి అసలు పరీక్ష ఇక్కడ మొదలైనది. రాబడి వదులుకొనడం సులభము, ప్రజలు మెచ్చుకొంటారు. దానికి బదులు ఏ పన్ను వేస్తారో చెప్పడం కష్టము, ప్రజలు కోపగిస్తారు. రాజాజీ ఈ రెండు మాటలనూ ఒకే సభలో, ఒకే మంత్రివర్గం పేర చెప్పారు. 1939లో మోటారు ఇంధనం అమ్మకాలపైన, పొగాకు అమ్మకాలపైన, వినోద ప్రదర్శనలపైన పన్నుల చట్టాలు వచ్చినవి. వీటన్నిటికంటె ముఖ్యమైనది 1939 నాటి మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టము.

1935 చట్టంలోని రాష్ట్రాల జాబితా 'సరుకుల అమ్మకాలపై పన్నులు' అనే అధికారాన్ని ఇచ్చింది. మధ్యరాష్ట్రాలు 1938లో పెట్రోలు వంటి ఇంధనం చిల్లర అమ్మకాలపై మాత్రం ఆ అధికారాన్ని ఉపయోగించినవి. దానిని సర్వసామాన్యంగా అన్ని సరుకులకూ వర్తింపజేసిన మొదటి రాష్ట్రం మద్రాసు. రేటు అర శాతము. అనగా వేయి రూపాయల అమ్మకంపై అయిదు రూపాయలు. అది ఒక్కచోట కాక, సరుకు చేతులు మారిన ప్రతిసారీ వ్యాపారి మొత్తం అమ్మకంపై పడేది.

వేరుసెనగను ఉదాహరణగా తీసుకొందాము. తన పొలంలో పండిన పంటను రైతు అమ్ముకొంటే ఆ సొమ్ముపై పన్ను లేదు. దానిని కొని మిల్లుకు అమ్మిన వర్తకుడు అర శాతం చెల్లించును. మిల్లు యజమాని నూనె అమ్మినప్పుడు మరొక అర శాతము. టోకు వ్యాపారి చిల్లర దుకాణానికి అమ్మితే ఇంకొక అర శాతము. చిన్న దుకాణదారులకు నిర్ణీత పరిమితి వరకు మినహాయింపు ఉన్నది. చేనేత బట్టలు మాత్రమే అమ్మేవారికీ మినహాయింపు లభించింది. రేటు స్వల్పము, పరిధి విశాలము: ఆ చట్టంలోని కిటుకంతా ఇదే. ఏ ఒక్కరి నడుమూ విరగకుండా అందరి వద్దా కొంచెం కొంచెం తీసుకొనే ఏర్పాటు ఇది.

వర్తక సంఘాలు దీనిని తీవ్రంగా ఎదిరించినవి. లెక్కల పుస్తకాలు అధికారులకు చూపవలసి వచ్చుననీ, చేతులు మారినకొద్దీ భారం పెరుగుననీ వారి అభ్యంతరము. మరొక విమర్శ ఇంకా లోతైనది. ఆదాయపు పన్ను ఉన్నవాని స్తోమతను చూచి వేసేది. అమ్మకపు పన్ను ఉప్పూ పప్పూ కొనే పేదవాని మీద కూడా పడుతుంది. ఈ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే అంతకు ముందున్న మద్యపు రాబడి ఎవరిది? అది కూడా అధికభాగం పేదవాని జేబునుండి వచ్చినదే; పైగా అతని ఆరోగ్యాన్నీ సంసారాన్నీ నాశనం చేసి మరీ వచ్చినది. రెండు భారాలను త్రాసులో వేసినప్పుడు రాజాజీ ఎంపికలోని తర్కం మనకు బోధపడుతుంది.

న్యాయస్థానాలలో

రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులో, ప్రజల సమ్మతి లేకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా, రాజీనామా ఇచ్చింది. చట్టం మాత్రం నిలిచింది. దానికి ఎదురైన పెద్ద ప్రశ్న రాజ్యాంగ సంబంధమైనది. తయారైన సరుకుపై ఎక్సైజు సుంకం వేసే అధికారం కేంద్రానిది. తయారుచేసిన వాడే మొదటిసారి అమ్మినప్పుడు రాష్ట్రం పన్ను వేస్తే అది మారువేషంలో ఉన్న ఎక్సైజు కాదా?

ఈ ప్రశ్న ఒక తెలుగు వ్యాపార సంస్థ పేరుతో చరిత్రకెక్కింది. వేరుసెనగ నూనె తయారుచేసి అమ్మే బొడ్డు పైడన్న అండ్ సన్స్ వారికీ మద్రాసు రాష్ట్రానికీ నడుమ నడచిన వ్యాజ్యంలో 1942లో ఫెడరల్ కోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పింది. ఎక్సైజు సరుకు తయారైనందుకు పడే పన్ను. అమ్మకపు పన్ను సరుకు అమ్ముడైనందుకు పడే పన్ను. రెండూ ఒకే వ్యక్తి మీద పడినంతమాత్రాన ఒకటి కావు అనేది ఆ తీర్పు సారాంశము. తరువాత కేంద్ర ప్రభుత్వమే స్వయంగా వాదియై పోరాడింది. 1945లో లండనులోని ప్రీవీ కౌన్సిలు కూడా మద్రాసు పక్షమే వహించింది. ఈ తీర్పులవలన రాష్ట్రాలకు తమదంటూ చెప్పుకొనదగిన ఒక ఆదాయ మార్గం స్థిరపడింది.

ప్రయోజనం పోయినా పన్ను నిలిచింది

ఈ కథలో మనం ఆలోచించవలసిన భాగం తరువాత వచ్చింది. యుద్ధకాలంలో గవర్నరు పాలన సాగుతుండగా నాలుగు జిల్లాలలోనూ మద్యనిషేధం నిలుపుదల చేయబడింది. దాని లోటు పూడ్చడానికి పుట్టిన అమ్మకపు పన్ను మాత్రం రద్దు కాలేదు. స్వాతంత్ర్యానంతరం, తెలుగు మూలాలు గల ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వంలో, 1948 నాటికి నిషేధం రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పటి ఆర్థికమంత్రి బెజవాడ గోపాలరెడ్డి గారు. అంత పెద్ద రాబడి పోయినా ప్రభుత్వం నిలదొక్కుకొనగలిగినదంటే అమ్మకపు పన్ను చేతిలో ఉండడం అందుకు ముఖ్య కారణము.

1953లో ఆంధ్రరాష్ట్రం వేరుపడినప్పుడు నిషేధమూ దాని భారమూ దానికి సంక్రమించినవి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ఉన్న ప్రకాశం పంతులు గారి ప్రభుత్వమే 1954 నవంబరులో ఈ నిషేధపు సమస్యపై ఒక్క వోటు తేడాతో పడిపోయింది. తమిళనాడులో 1971లో నిషేధం సడలింపబడి, కొన్నాళ్లు తిరిగి వచ్చి, 1981లో మరల తొలగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం దరిమిలా 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ప్రతిసారీ వినిపించిన ముఖ్యమైన వాదం ఖజానా లోటే. అమ్మకపు పన్ను చేతిలో ఉండగానే మద్యపు రాబడి కూడా తిరిగి చేతికి వచ్చింది. ఒకదానికి బదులుగా వచ్చినది మరొకదానికి తోడైనది.

అమ్మకపు పన్ను 1950 రాజ్యాంగంలో రాష్ట్రాల అధికారంగా చోటు చేసుకొని, రాష్ట్రాల సొంత ఆదాయానికి వెన్నెముక అయింది. ఈ శతాబ్దంలో విలువ ఆధారిత పన్నుగా మారి, 2017 జులై 1 నుండి చాలా వరకు వస్తుసేవల పన్నులో లీనమైనది. తాగే మద్యం మాత్రం ఆ పన్ను పరిధికి వెలుపల రాష్ట్రాల చేతిలోనే ఉంచబడింది. 1937లో రాజాజీ విడిపించదలచిన ముడి ఇంకా ఎంత గట్టిగా ఉన్నదో ఈ ఒక్క మినహాయింపే చెబుతున్నది.

రాజాజీ రాజకీయాలలో అనేక విషయాలపై ఆయనతో విభేదించినవారున్నారు. ఆ మంత్రివర్గ కాలంలోనే హిందీ బోధన విషయంలో తీవ్రమైన ఆందోళన చెలరేగింది. కాని ప్రభుత్వ ధనం విషయంలో ఆయన పాటించిన నియమం సర్వులకూ ఆదర్శప్రాయము. ఇది మానివేస్తాను అన్న మంత్రి, దానికి మారుగా ఇది తీసుకొంటాను అని కూడా అదే సభలో చెప్పవలెను. పోయే రాబడిని చెప్పి వచ్చే పన్నును దాచడం గాని, వచ్చే మేలును చాటి దాని ఖర్చును మరుగుపరచడం గాని ప్రజలను గౌరవించే పద్ధతి కాదు.

బడి గోడలు, బల్లలు, ఉపాధ్యాయుల జీతాలు ఇవన్నీ ఎవరో ఒకరు కట్టిన పన్నుతో ఏర్పడినవే. ఆ సొమ్ము ఏ చేతినుండి, ఏ కారణంగా వచ్చినదో అడిగి తెలుసుకొనడం చదువుకొన్న ప్రతి పౌరుని బాధ్యత. ఈ పాఠశాలలో అంకగణితం నేర్చిన విద్యార్థులు రేపు తమ రాష్ట్ర ఆదాయవ్యయ పట్టికను కూడా ఒక లెక్కగా భావించి, రెండు వైపులా సరిచూచే అలవాటు చేసుకొందురుగాక.