గాలివాన వేరు, ఉప్పెన వేరు



కార్తీకమాసం వచ్చిందంటే మనకు దీపాలు, ఉపవాసాలు, వనభోజనాలు గుర్తొస్తాయి. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకు మాత్రం మరొకటి కూడా గుర్తొస్తుంది. అది 1977 నవంబరు 19వ తేదీ, శనివారం. ఆ రోజు వచ్చిన విపత్తు దివిసీమ ఉప్పెన అనే పేరుతో చరిత్రలో నిలిచిపోయింది. కాని ఆ గాలి దివిసీమ ఒక్కదాన్నే తాకి పోలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళను కూడా తలకిందులు చేసింది. ఆ మూడు ఊళ్ళలోనూ మా అత్తవారి వాళ్ళున్నారు. అప్పటికి నేనింకా పుట్టలేదు. అయినా కోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచీ, ఆకాశం కాస్త మూసుకొస్తే చాలు, ఆ రోజు కబుర్లే వింటూ వచ్చాను. విన్నవాటికి తెలుసుకున్నవి కొన్ని జోడించి మీ ముందు పెడుతున్నాను.

ముందుగా అసలు సంగతి. ఆ ఏడాది దీపావళి వెళ్ళి వారం దాటింది. నవంబరు 12న ఒక తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి వందల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ వార్త చల్లారకముందే బంగాళాఖాతంలో ఇంకొకటి లేచింది. మొదట పడమరగా సాగిన ఆ తుపాను తరువాత ఉత్తరం వైపు వాలి, 19వ తేదీ సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో చీరాల దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైమాటే.

తెనాలిలో మా అత్తగారిది పెంకుటిల్లు. శనివారం పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నానికి గాలి హోరు మొదలైంది. మొదట వీధి చివరి టీ కొట్టు రేకులు లేచిపోయాయి. తరువాత కొబ్బరిచెట్ల మొవ్వులు విరిగి పడ్డాయి. ఆపైన ఇంటి పెంకులు ఒక్కొక్కటీ, పేకముక్కలు ఎగరేసినట్టు ఎగిరిపోయాయట. నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని అత్తగారూ మామగారూ ఎదురింటి డాబాలోకి పరుగెత్తారు. ఆ ఒక్క డాబాలో ఆ రాత్రి పదకొండు కుటుంబాలు. కులమూ అడగలేదు, మడీ అడగలేదు. ఇంటావిడ ఉన్న బియ్యమంతా ఎసట్లో పోసి గంజి కాచి అందరికీ పోసిందట. "అమ్మాయ్, ఆ గంజి రుచి ఇంకా నా నాలిక మీదే ఉంది" అంటారు మా అత్తగారు. తెల్లవారి చూస్తే ఇల్లుంది, కప్పు లేదు. కరెంటు స్తంభాలు నేలకు వంగి ఉన్నాయి. కాలవగట్ల మీది చెట్లు కాలవల్లో ఉన్నాయి. పొట్టల మీదా, కంకుల మీదా ఉన్న వరి చాపలు పరిచినట్టు పడుకుంది. అంత నష్టం జరిగినా ఆ వీధిలో ప్రాణాలు దక్కాయి.

బాపట్ల తుపాను దాటిన చోటికి ఇంకా దగ్గర. అక్కడ మా మామగారి తమ్ముడు ఉండేవారు. గాలికి తట్టుకోలేని పూరిళ్ళ వాళ్ళంతా గట్టి కట్టడం ఎక్కడుంటే అక్కడికి చేరారు. ఆ ఊళ్ళో ఒక చర్చిలో తల దాచుకున్నవారి మీద కట్టడం కూలిపోయి సుమారు వందమంది పోయారని అప్పటి వార్త. ఇల్లు వదిలితే బతుకుతామనుకుని వెళ్ళినవాళ్ళు వాళ్ళు. పైకి గట్టిగా కనిపించిన గోడలన్నీ తుపానుకు నిలిచేవి కావని ఆ రోజు తెలిసింది.

రేపల్లె సంగతి మరో రకం. మా ఆడపడుచును అక్కడిచ్చారు. రేపల్లెకు తూర్పున కృష్ణ ఒడ్డున పెనుమూడి, అవతలి ఒడ్డున పులిగడ్డ, ఆ వెనక దివిసీమ. ఆ రోజుల్లో అక్కడ వంతెన లేదు, రేవు దాటాలంటే పడవే. దక్షిణాన నిజాంపట్నం, సముద్రం. ఊళ్ళోవాళ్ళు పడిన చెట్లూ, లేచిపోయిన కప్పులూ చూసుకుని "అమ్మయ్య, గడిచింది" అనుకుంటుంటే, తరువాతి రోజుల్లో తీరపల్లెల నుంచి జనం రావడం మొదలైందట. ఒంటి మీద సరైన బట్ట లేదు. మాట లేదు. అడిగితే ఒకటే చెప్పారట: "గాలి కాదమ్మా, నీళ్ళు."

ఇక్కడే మనం ఒక మాట బాగా తెలుసుకోవాలి. గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివాన కప్పు లేపుతుంది. ఉప్పెన అంటే సముద్రమే లేచి ఊరి మీదకు రావడం. 1977లో ఆ నీటి ఎత్తు సుమారు 5 మీటర్లు. ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలుచున్నంత. దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళను ఆ నీరే ముంచెత్తింది.

తుపాను దాటింది చీరాల దగ్గరైతే అంత దూరాన దివిసీమ ఎందుకు మునిగింది? నాకూ ఈ సందేహం వచ్చింది. సమాధానం మన కవ్వంలో ఉంది. మనవైపు సముద్రంలో తుపాను గాలి గడియారం ముళ్ళు తిరిగే దిక్కుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. తీరం వైపు వచ్చే సుడికి కుడిచేతి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదకు వీస్తుంది, నీటిని తోసుకొస్తుంది. ఎడమ పక్కన నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. చీరాలకు కుడిపక్కన ఉన్నవి బాపట్ల, నిజాంపట్నం, దివిసీమ. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ. లోతైన బిందెను కదిపితే నీళ్ళు లోపలే కదులుతాయి. వెడల్పాటి పళ్ళేన్ని కదిపితే అంచు దాటి పొర్లుతాయి. ఆ అంచు అవతల నేలేమో సముద్రమట్టానికి కాస్తే ఎత్తు. అంచేతే ఆ ఘోరం.

ప్రభుత్వ లెక్క ప్రకారం పోయినవారు, జాడ తెలియనివారు కలిపి 10,000 పైచిలుకు. నిజం ఇంకా ఎన్నో రెట్లని అప్పుడే చాలామంది అన్నారు. నిలువనీడ లేనివాళ్ళు 34 లక్షలు. తీగలు తెగి, దారులు మూసుకుపోయి, అసలు ఏం జరిగిందో బయటి లోకానికి వెంటనే తెలియలేదు. సరిగ్గా ఆ శనివారమే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగాడు. లోకమంతా అటు చూస్తున్న గంటల్లో మన పల్లెలు నీటికింద ఉన్నాయి.

ఇది మన తీరానికి కొత్తా అంటే కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1970 నవంబరులో, నేటి బంగ్లాదేశ్ తీరంలో, ఇదే బంగాళాఖాతం లక్షలమందిని తీసుకుపోయింది. అయినా 1977 నాటికి మన తీరపల్లెల్లో ఉప్పెన అన్న మాట తాతల కథగానే మిగిలింది. రేడియోలో తుపాను అని చెబితే గాలి అనుకున్నారు. గాలి అనుకున్నవాళ్ళు తలుపు బిగించుకుని ఇంట్లో కూర్చున్నారు. పశువులకు పలుపులు విప్పలేదు, అవి కట్టుకొయ్యల దగ్గరే చచ్చాయి.

తరువాతి రోజుల కథ ఆడవాళ్ళు చెబితేనే తెలుస్తుంది. సైన్యం వచ్చింది, హెలికాప్టర్ల నుంచి ఆహారం పొట్లాలు పడ్డాయి. అవనిగడ్డ ప్రాంతపు నాయకుడు, అప్పటి మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు ఆ జనం మధ్యనే తిరిగి పనిచేశారు. ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు మొదలైన సినిమావాళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. దేశం నలుమూలల నుంచీ బియ్యం, బట్టలు వచ్చాయి. మా ఆడపడుచు మాత్రం ఒక మాట అంటుంది: "వదినా, బియ్యం ఇచ్చారు సరే, వండుకోను గిన్నేదీ? అగ్గిపెట్టేదీ? తాగడానికి ఉప్పు లేని నీళ్ళేవీ?" నిజమే. బావులూ చెరువులూ ఉప్పునీటితో నిండాయి. పొలాల్లో ఉప్పు మేటవేసింది. పట్నాల నుంచి వచ్చిన మూటల్లో చిరిగిన జరీచీరలు కూడా ఉన్నాయట. చంటిబిడ్డ తల్లికి కావలసింది రెండు పాత నూలుచీరలు, ఒక తపేలా, ఒక లాంతరు. ఆడపడుచు తన ఇంటి అటకమీది పాత సామానంతా దింపి ఒక్కొక్కరికి ఒక్కో గిన్నె ఇచ్చింది. అత్తగారు ఏమంటుందోనని భయపడుతూ ఇస్తుంటే, ఆవిడే వచ్చి తన కాపరానికి వచ్చిన రాగిబిందె కూడా తెచ్చి పెట్టిందట.

ఇక నేను కళ్ళారా చూసింది 1990 మే నెల తుపాను. మా పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లె. నాకప్పుడు తొమ్మిదో ఏడు. మే 9న ఆ తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. గాలీ, ఉప్పెనా 1977 కంటే మరీ చిన్నవేం కావు. కాని పోయినవారు వెయ్యికి లోపు. ఈ తేడా ఎక్కడిది? 1977 తరువాత తీరం పొడుగునా కాంక్రీటు తుపాను షెల్టర్లు కట్టారు. మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడార్ వచ్చింది. పైన ఇన్సాట్ ఉపగ్రహం వచ్చింది. ఆ మేలో లక్షల మందిని ముందే తరలించారు. మమ్మల్ని లారీ ఎక్కించి ఊరవతల బడికి తీసుకెళ్ళారు. మా నాయనమ్మ గేదెను వదిలి రానని గుంజ పట్టుకు కూర్చుంది. అమ్మ వాదించలేదు. వెళ్ళి గేదె పలుపు విప్పేసి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. మూడో రోజు గేదె తనంతట తానే ఇల్లు చేరింది.

అంచేత నేను చెప్పేదేమిటంటే, ప్రాణాలు నిలబెట్టేవి రెండు. ఒకటి, వేళకు అందిన కబురు. రెండు, ఆ కబురు విన్నాక పోవడానికి ఒక గట్టి చోటు. 1977లో మన తీరపల్లెలకు ఈ రెండూ లేవు. ఇప్పుడు ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి పాడైంది, రైతు ఏడ్చాడు. కాని 1977 లాగా ఊళ్ళకు ఊళ్ళు పోలేదు. అయితే కబురు చెవినపడ్డాక "ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం" అని కూర్చుంటే షెల్టరున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంట్లో ఆ మాట ఎక్కువగా అనేది మనమే. పొయ్యి, పాడి, బియ్యపు డబ్బా మన కాళ్ళకు బంధాలు.

పట్నంలో ఉన్న మనకెందుకిది అనుకోకండి. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి తల్లిదండ్రులు ఏ తీరపల్లెలోనో ఉండొచ్చు. తుపాను హెచ్చరిక వినగానే ఆ అమ్మాయిచేత ఒక ఫోన్ చేయించండి. "గాలి ఎంత" అని కాదు, "నీళ్ళు ఎంతవరకు వస్తాయంటున్నారు" అని అడగమనండి. మన ఇళ్ళలో కాగితాలు, మందులు, అగ్గిపెట్టె, మంచినీళ్ళు ఒక సంచిలో సర్దిపెట్టుకోండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే పిల్లల్ని బయటకు వదలకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపట్లో రెండోవైపు నుంచి మళ్ళీ అంతే గాలి కొడుతుంది. సాయం పంపేటప్పుడు బియ్యంతో పాటు ఒక గిన్నె పంపండి.

అవనిగడ్డలో ఆ పోయినవాళ్ళకోసం కట్టిన స్మారకం ఉంది. అటు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పిల్లలు ఏమిటని అడిగితే, ఉప్పెన అంటే ఏమిటో విప్పి చెప్పండి. ఆ మాట మళ్ళీ తాతల కథ కాకూడదు.

సెలవు.