చిన్నాన్నకి లేని జబ్బు

ఉద్దానం అంటే ఉద్యానమే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. ఆ పచ్చదనంలోనే రెండెకరాల కొబ్బరితోటతో మా చిన్నాన్న నిబ్బరంగా బతికాడు. 46వ ఏట ఆకలి చచ్చిపోయింది, నాలుగడుగులేస్తే ఆయాసం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియేటినిన్ చూస్తే అప్పటికే 5 దాటింది.

పట్నం ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ‘పదేళ్లుగా సుగరు’ అని ఉంది. అది పక్క మంచం ఆయన జబ్బు. “నానెప్పుడు సుగరు బిళ్ల మింగినాను బావూ?” అన్నాడు చిన్నాన్న. దిద్దమని వెళితే, కంప్యూటర్లోకి ఎక్కిపోయింది, ఇంకేం చెయ్యలేమన్నారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిచోటా పాత కాగితం చూసి కొత్తదాంట్లో అదే ఎక్కించారు. ఒకసారి సుగరు బిళ్లలు కూడా రాశారు. అవి వేసుకుని చెమటలు పట్టి గుమ్మంలోనే పడిపోయాడు.

చిన్న పొరపాటే కదా అంటే నేను ఒప్పుకోను. సుగరూ బీపీ లేనివాళ్ల కిడ్నీలు కూడా పాడైపోవడమే ఉద్దానం జబ్బు. నీళ్లా, ఎండలో కష్టమా, ఇంకేమన్నానా, ఇన్నేళ్లుగా కారణం తేలలేదు. కాగితం మీద సుగరు పడగానే, ఆ మనిషి కిడ్నీ ఎందుకు పోయిందని అడిగేవాళ్లుండరు.

మందులకని తోట బేరం పెట్టాడు. అది కుదిరేలోపే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లన్నిటినీ పడగొట్టింది. ఆపైన సోంపేటలో డయాలసిస్. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలు అయితే, ఆయన అందుకున్నది కొన్ని నెలలే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచేనాటికి ఆయన లేడు.

రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. తప్పును చెరిపెయ్యకుండా దానిమీద ఒక్క గీత గీసి, పక్కన సరైన మాట, తేదీ, సంతకం పెట్టి దిద్దొచ్చు. అప్పుడు మాకు ఇవేవీ తెలీవు. మీరు మాత్రం ఆసుపత్రి గడప దాటకముందే కాగితం చదివించుకోండి. తప్పుంటే దిద్దమని రాసిచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోండి.

చిన్నాన్న ఫైల్లో ఇవాళ్టికీ సుగరు అనే ఉంది.