కొత్త నీటిలో చేపలవేట: పులికాటు ఒడ్డున యానాదులు

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల కొండలపై కురిసిన వాననీరు కొంత స్వర్ణముఖిలో పడి, తిరుపతి, శ్రీకాళహస్తుల మీదుగా సముద్రమును చేరును. మరికొంత ఆరణి, కాళంగి నదులలో పడి పులికాటు సరస్సులో కలియును. దారిలో ఈ నీటిని వందలాది చెరువులు ఆపి ఉంచుకొనును. ఒక చెరువు నిండి మొరవ పోయినచో ఆ నీరు దిగువ చెరువునకు పోవును; అదియు నిండిన పిదప ఆ క్రింది చెరువు. చివరకు మిగిలినది ఉప్పునీటి పాలగును. చెరువునకును సరస్సునకును నడుమ దూరము ఒక పూట ప్రయాణమునకు మించదు. కాని చేపలు పట్టువానికి ఆ రెండును రెండు లోకములు. ఒక నీటిలో బ్రతుకుట నేర్చినవాడు రెండవ నీటిలో దిగినపుడు ఏమి జరిగినదో తెలిసికొనుటకు యానాదుల చరిత్ర మంచి ఉదాహరణము.

యానాదులు నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాలలో ఎక్కువగా నివసించు గిరిజనులు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వీరి సంఖ్య ఐదు లక్షలు దాటినది. గిరిజనులు అన్నమాటే గాని వీరిలో అధికులు గిరులపై ఉన్నవారు కారు. చెరువుగట్ల ప్రక్కన, వాగుల వెంబడి, ఊరి పొలిమేరలలో ఉన్నవారు. 1901లో రంగారావు అను ఆయన నెల్లూరు జిల్లా యానాదులను గురించి వ్రాసిన వ్యాసమును మదరాసు మ్యూజియము ప్రకటించినది. 1909లో థర్‌స్టన్ దక్షిణదేశపు కులములను, తెగలను గురించి ప్రకటించిన ఏడు సంపుటములలోను వీరికి చోటు దొరికినది. అడవి దుంపలు, తేనె, మూలికలు, పొలముల ఎలుకలు, చేపలు - ఇవి వారి జీవనాధారములు. పెద్ద వలలు గాని, నావలు గాని వారికి లేవు. వారి పనిముట్లలో ముఖ్యమైనది ఊత.

ఊత అనగా వెదురు బద్దలతో అల్లిన బుట్ట. క్రిందివైపు వెడల్పుగాను, పైన చేయి దూరునంత సన్నముగాను ఉండును. రెండు వైపులా తెరచియే ఉండును. మోకాటిలోతు నీటిలో నడచుచు దానిని గభాలున నేలకు గ్రుచ్చుదురు. లోపల చేప చిక్కినచో బద్దలకు కొట్టుకొనును. ఆ అదురు చేతికి తెలియును. వెంటనే పైనుండి చేయి పెట్టి పట్టుకొందురు. ఆగ్నేయాసియాలోను, ఆఫ్రికాలోను కూడ ఇట్టి బుట్టలు వాడుకలో ఉన్నవి.

చూచుటకు ఇది సులభమైన సాధనమే. అది పనిచేయుటకు మాత్రము నాలుగు సంగతులు కూడవలెను. నీరు బుట్ట ఎత్తుకంటె తక్కువ లోతున ఉండవలెను. అడుగున బురద ఉండవలెను. లేనియెడల బుట్ట అంచు దిగక చేప క్రిందినుండి జారిపోవును. నీరు మురికిగా ఉండవలెను; తేటనీటిలో చేప మనిషిని ముందే చూచును. అన్నిటికంటె ముఖ్యముగా, పారిపోవుటకు బదులు బురదను పట్టుకొని ఉండు స్వభావము చేపకు ఉండవలెను. ఎండకాలమున ఎండుచున్న రాయలసీమ చెరువులో ఈ నాలుగును సరిగా కూడును. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి అను చేపలు అక్కడ ఉండును. ఇవి మొప్పలతోనే గాక గాలిని నేరుగా కూడ పీల్చుకొనగలవు. కొర్రమీనునకు తలలో మొప్పల పైభాగమున ఇందుకై ప్రత్యేకమైన గది యున్నది. అందుచేత నీటిలో ప్రాణవాయువు తగ్గినను అది చావదు. అయితే అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మ్రింగక తప్పదు. ఆ క్షణమున నీటిపై చిన్న కదలిక కనిపించును. అది ఏ చేప, ఎంత పెద్దది, మరల ఎచ్చట తేలునో అనుభవమున్న యానాది ఆ కదలికను బట్టి చెప్పగలడు. ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొన్నచో భరింపరాని మంట పుట్టును గనుక దాని ఒడుపును చిన్నతనముననే నేర్చుకొందురు.

ఇది చెరువు విద్య. ఇక సరస్సు సంగతి.

పులికాటు మన దేశమున చిలుక తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు. అందులో అధికభాగము ఆంధ్రప్రదేశమున, దక్షిణపు కొస తమిళనాడున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినపుడు సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు ఆ జిల్లాలో చేరినవి. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి యున్నది. నీటి విస్తీర్ణము ఋతువును బట్టి మారును. వానలకు 450 చదరపు కిలోమీటర్ల వరకు వ్యాపించి, ఎండలకు 250 వరకు కుదించుకొని పోవును. సగటు లోతు ఒక మీటరు. లోతును బట్టి చూచినచో ఇది ఊతకు తగిన నీరే అనిపించును. అక్కడనే కొత్తవాడు మోసపోవును.

ఏలయన ఈ నీరు రోజూ కదలును. సముద్రపు పోటు వచ్చినపుడు ముఖద్వారముల గుండా ఉప్పునీరు లోనికి వచ్చును. పాటు వచ్చినపుడు వెలికి పోవును. ఈశాన్య ఋతుపవనములు తెచ్చు వానలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నదుల నీరు చేరి, సరస్సులో కొన్ని భాగములు దాదాపు మంచినీరగును. సముద్రపు నీటిలో వేయి పాళ్ళకు సుమారు 35 పాళ్ళు ఉప్పు ఉండును. వేసవిలో సరస్సు నీరు ఆవిరియై పోవుట చేత కొన్నిచోట్ల ఉప్పు ఆ లెక్కను మించిపోవును. ఒక సంవత్సరములోనే ఇన్ని రంగులు మార్చు నీటిలో కొర్రమీను ఉండదు. గాలికొరకు పైకి తేలు చేప లేనపుడు, నీటిపై కదలికను చదువగల కంటికి అక్కడ చదువుటకు ఏమియు లేదు.

ఆ నీటి ధనము రొయ్య. తెల్లరొయ్య తల్లి సముద్రములో గ్రుడ్లు పెట్టును. ఒక దినములోపలనే అవి పొదుగును. పిల్ల పలురూపములు మారి, రెండు మూడు వారములలో చిన్న రొయ్య ఆకారము పొంది, పోటుతోపాటు సరస్సులోనికి వచ్చును. అక్కడి మెత్తని బురదలో, గడ్డిలో మేతమేసి కొన్ని నెలలు పెరుగును. తరువాత మరల సముద్రమునకు ప్రయాణము. ఈసారి పాటు నీటితో, ఎక్కువగా రాత్రివేళ. అమావాస్యకు, పున్నమికి ఆటుపోట్లు బలముగా ఉండును గనుక ఆ రాత్రులలో రొయ్య ఎక్కువగా కదలును. కావున ఇక్కడ వేటగాని కాలసూచిక ఎండుచున్న చెరువు కాదు, చంద్రుడు.

ఈ నీటి ఒడ్డున యానాదులు చేసిన పని గమనింపదగినది. ఊతను విడిచి చేతిని ఉంచుకొన్నారు. కొన్ని జాతుల రొయ్యలు పగటివేళ బురదలో దాగియుండును. స్త్రీలు, పురుషులు నడుములోతు నీటిలో వంగియో కూర్చుండియో మెల్లగా జరుగుచు, అరచేతులతో బురదను తడవి, వ్రేళ్ళకు తగిలిన రొయ్యను ఏరి, వెంట తెచ్చుకొన్న తాటాకు బుట్టలో వేసికొందురు. గంటల తరబడి ఉప్పునీటిలో ఉండుట వలన చర్మము చిట్లును, పీతలు కరచును. ఈ పద్ధతికి పెట్టుబడి లేదు, తీరిక కూడ లేదు. అడుగున ఉన్న జీవిని అదురును బట్టి గుర్తించు చేతిజ్ఞానము చెరువునుండి వచ్చినదే. ఎప్పుడు, ఎక్కడ అను సంగతి మాత్రము కొత్తగా నేర్వవలసివచ్చినది. సరస్సు దాపున నేలపట్టులోని గూడబాతులు మంచినీటి చెరువులోని చెట్లపై గూళ్ళు కట్టుకొని, మేతకు పులికాటునకు పోవును. రెండు నీళ్ళను వాడుకొనుటలో అవి మనుష్యులకంటె ముందున్నవి.

నేర్చుకొనుటకు నీటి వద్దకు పోనీయవలెను గదా! యానాదుల విషయమున చరిత్ర ఇక్కడ కఠినముగా నడచినది. 1911నాటి నేరస్థ తెగల చట్టము క్రింద వారిలో కొందరిని నమోదు చేసినారు. నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంటు వెలసినది. నమోదైన వారు అనుమతి లేక ఊరు విడిచి పోరాదు. ఋతువును బట్టి నీటి నుండి నీటికి మారుటయే బ్రతుకుగా గలవారికి ఆ మార్పే నేరమైనది. 1952లో చట్టము రద్దయినది. అందుకై పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదులను గురించి 1962లో ఒక గ్రంథము కూడ ప్రకటించినారు.

తరువాతి మార్పు శ్రీహరికోట దీవిలో వచ్చినది. అక్కడి అడవిలో యానాదులు చిరకాలముగా ఉన్నవారు. వంటచెరకు, తేనె, మూలికలు సేకరించుట, కుంటలలోను సరస్సు అంచులలోను చేపలు పట్టుట వారి పని. 1969లో ఆ దీవిని రాకెట్టు ప్రయోగకేంద్రమునకై ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అక్కడినుండి ఎగిరినది. దేశమునకు అది గొప్ప దినము. దీవిలోని కుటుంబములు ఎదుటి గట్టునకు తరలి, కొత్త కాలనీలలో కాపురము పెట్టవలసివచ్చినది. అడవి పోయినది, మిగిలినవి కూలిపనియు, చేపలును. సరస్సు వారికి తెలియనిది కాదు. తెలిసినది తూర్పు అంచు. ఇప్పుడు దిగవలసినది పడమటి అంచు. అక్కడ అప్పటికే నావలు, వలలు గల వేరొక వర్గపు బెస్తలు ఉన్నారు.

ఇట్టి చోట నేర్పుకంటె వంతు ముఖ్యము. సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు వైపు మత్స్యకార గ్రామములలో 'పాడు' అను కట్టుబాటు ఉన్నది. ముఖద్వారము దగ్గర పాటునీటికి ఎదురుగా కొయ్యలు పాతి వల కట్టుటకు అనువైన స్థలములు కొద్దిగానే ఉండును. వానిని సభ్యులు చీట్లు వేసి వంతులవారీగా పంచుకొందురు. తగవులు రాకుండ, అందరును ఒకేచోట పడకుండ ఉండుటకు ఇది తెలివైన ఏర్పాటు. కాని సభ్యత్వము పుట్టుకతో వచ్చును. 1960 దశకము నుండి విదేశములకు రొయ్యల ఎగుమతి పెరిగిన కొలది ఆ స్థలముల విలువ పెరిగినది. చేతితో ఏరుకొను వానికి చీటి లేదు. వల కట్టని బురద మాత్రమే అతనిది.

శ్రీకాకుళము తీరమునుండి ఒడిశాలోని పూరీకి పోయి, పెంటకోటలో స్థిరపడిన తెలుగు మత్స్యకారుల కథ ఇందుకు భిన్నమైనది. వారు విడిచినదియు, చేరినదియు ఒకే బంగాళాఖాతము. అదే ఇసుకతీరము, అవే విరుగుడు అలలు. తెప్పలు, కుట్టుపడవలు, అలను దాటు విద్య వెంట తీసికొని పోయినారు. భాష మారినది గాని నీరు మారలేదు.

చెరువులలో మాత్రము విచిత్రము జరిగినది. అక్కడ మనిషి కదలలేదు, చేప మారినది. మదరాసు ప్రభుత్వము 1907లో మత్స్యశాఖను నెలకొల్పిన నాటినుండియు చెరువులలో చేపపిల్లలు వదలు ప్రయత్నములు సాగినవి. నదులలో దొరకు పిల్లలపైననే ఆధారపడవలసి యుండుట చేత అవి పరిమితముగా ఉండెను. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు పిట్యూటరీ గ్రంథిరసమును సూదిమందుగా ఇచ్చి, కార్పు జాతి చేపలచేత నిలువనీటిలో గ్రుడ్లు పెట్టించగలిగినారు. ఆ పిమ్మట బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు ఎక్కడికైనను దొరకసాగినవి. చిత్తూరు సీమ చెరువులలోనికి కూడ అవి వచ్చినవి.

బొచ్చె పైనీటిలో మేయును, శీలావతి నడిమి నీటిలో. వీనికి గాలి పీల్చు గది లేదు. నీరు ఇంకి వేడెక్కిన బురదలో బ్రతుకవు. కావున చెరువు ఎండకముందే, నిండు నీటిలోనే పెద్ద వలలతో లాగి పట్టవలెను. ఊత అక్కడికి అందదు. చెరువును వేలము పాడి, పిల్లలను కొని వదలి, వలలు తెచ్చినవారిదే పంట. ఆఖరి అడుగు నీటిలో మిగిలిన కొర్రమీనులు, మార్పులు మాత్రము యానాదుల చేతికి వచ్చును, అదియు గుత్తేదారు సరే అన్నప్పుడు. కొన్నిచోట్ల యానాదులు స్వయముగా వలలు లాగు కూలికి పోయి, ఆ విధముగా కొత్త చేపల నడవడి నేర్చుకొన్నారు.

ఇప్పుడు సరస్సు కూడ అందరికిని కొత్తది అగుచున్నది. ఉత్తరమున రాయదొరువు వంటి ముఖద్వారములు ఇసుక మేటలతో పూడిపోవుచుండును. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సును అడ్డముగా దాటి పోవు రోడ్డుకు ఉత్తరమున వేసవిలో మైళ్ళ కొలది నేల ఆరిపోవును. ముఖము మూసికొన్న యేడాది పోటు లోపలికి రాదు, దానితో రొయ్యపిల్లయు రాదు. అప్పుడు తరతరములుగా అక్కడనే వల కట్టిన బెస్తవాడును, నిన్న మొన్న వచ్చిన యానాదియు ఒకే ఒడ్డున నిలబడి, ఇసుకమేట ఎప్పుడు తెగునో అని తూర్పువైపు చూతురు.