దత్తత: దత్తపుత్రుడు, పెంచిన తలిదండ్రులు

అన్యులకు జన్మించిన శిశువును శాస్త్రవిధిచేత గాని, కులాచారముచేత గాని, రాజశాసనముచేత గాని తమ బిడ్డగా స్వీకరించుట దత్తత యనబడును. ఈ బాంధవ్యమును గూర్చి మనకు లభించు ఆధారములలో నొక వైచిత్రి కలదు. పెంచినవారును పెరిగినవాడును కలసిమెలసి బ్రదికిన ఇండ్లలో కాగితము పుట్టలేదు. దాయాదులు న్యాయస్థానపు మెట్లెక్కిన ఇండ్ల వృత్తాంతములే దస్తావేజులలోను, తీర్పుల సంపుటములలోను నిలిచియున్నవి. కావున దత్తత చరిత్రను చదువువారు తాము చదువుచున్నది చాలవరకు కలహముల చరిత్రయే యని యెఱిగి చదువవలెను.

ఆంధ్రుల పేరు వాఙ్మయమున మొట్టమొదట కానవచ్చుట కూడ నొక దత్తత కథలోనే. ఐతరేయ బ్రాహ్మణమునందు అజీగర్తుడను బ్రాహ్మణుడు ఆకలికి తాళలేక, నూఱు గోవులను పుచ్చుకొని నడిమి కొడుకైన శునశ్శేపుని యజ్ఞపశువుగా నమ్ముకొనెను; మఱి నూఱు గోవులకు వానిని యూపస్తంభమునకు కట్టెను; ఇంకొక నూఱింటికి కత్తియు చేపట్టెను. దేవతానుగ్రహముచే బంధములు వీడిన పిమ్మట బాలుడు వచ్చి విశ్వామిత్రుని యొడిలో కూర్చుండెను. తండ్రి మరల తన కొడుకును తన కిమ్మని యడుగగా, విశ్వామిత్రుడు ఇయ్యననెను; ఆ బాలుడును రాననెను. విశ్వామిత్రుడు వానికి దేవరాతుడని పేరిడి తన పుత్రులందఱిలో జ్యేష్ఠస్థాన మొసగెను. వారిలో మధుచ్ఛందుడును అతని తమ్ములును అందుల కియ్యకొనిరి. ఇయ్యకొనని పెద్దవా రేబదిమందియు తండ్రి శాపమున నెల్లలకు తరుమబడి ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబ జాతులకు మూలపురుషులైరని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఇది చరిత్రగా నమ్మదగినది కాదు గాని, దత్తుని పెద్దఱికము నొప్పుకొనని సోదరులు మన దేశమున నెంత ప్రాచీనులో దీనివలన తెలియుచున్నది.

స్మృతికారులు చెప్పిన ద్వాదశవిధ పుత్రులలో, తనంతట తాను వచ్చి కొడుకైన ఇట్టివానికి స్వయందత్తుడని పేరు. తరువాతి నిబంధనకర్తలు ఔరసుని, దత్తుని మాత్రము నిలుపుకొని తక్కినవారిని కలియుగమున వర్జ్యులని త్రోసివేసిరి. దానితో బిడ్డ యిష్టాయిష్టములకు శాస్త్రమున చోటు లేకపోయెను. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు మాత్రమే కర్తలు, శిశువు దానద్రవ్యము. దత్తుడు కన్నతండ్రి గోత్రమునకును రిక్థమునకును అర్హుడు కాడనియు, పిండము గోత్రరిక్థములను అనుసరించి పోవుననియు మనువు విధించెను. ఏకపుత్రుని ఇయ్యరాదనియు, కొనరాదనియు, భర్త యనుజ్ఞ లేక స్త్రీ యిట్టి పనికి పూనుకొనరాదనియు, బంధువులను పిలిచి రాజునకు తెలిపి హోమము చేయవలెననియు వసిష్ఠుడు శాసించెను.

దత్తహోమము నాటి తంతు మాత్రము శాస్త్రముకంటె మెత్తనిది. కన్నవారు బిడ్డను చేతులార అందింతురు. గ్రహీత వానిని తొడపై కూర్చుండబెట్టుకొని, శిరస్సు మూర్కొని, నూతనవస్త్రములు కట్టి, నగలు పెట్టి, ధర్మమునకై స్వీకరించుచున్నాననియు, సంతతికై స్వీకరించుచున్నాననియు మంత్రపూర్వకముగా పలికి అగ్నిసన్నిధికి గొనిపోవును. శూద్రులుగా ఎన్నబడిన కులములలో హోమ మావశ్యకము కాదు; బిడ్డ ఒక యొడినుండి మఱియొక యొడికి మారుటయే చాలును. ఎన్ని హోమములు సాంగముగా జరిగినను ఈ ఇచ్చిపుచ్చుకొనుట లేనిచో దత్తత చెల్లదని న్యాయస్థానములు పలుమార్లు తీర్పు చెప్పినవి.

పదునేడవ శతాబ్దమున కాశియందు నందపండితుడు రచించిన దత్తకమీమాంస ఈ విషయమున ప్రమాణగ్రంథ మయ్యెను. దానిని, దత్తకచంద్రికను 1821లో సదర్లండు దొర ఆంగ్లీకరించుటతో, ఇంగ్లీషు న్యాయాధిపతులు ఆ రెండింటినే చేతబట్టుకొని తీర్పులు చెప్పసాగిరి. ఎవని తల్లిని గ్రహీత వివాహమాడ తగడో వానిని దత్తు గొనరాదని నందపండితుని మతము. అనగా కూతురి కొడుకు, చెల్లెలి కొడుకు పనికిరారు. దక్షిణదేశపు బ్రాహ్మణులు ఈ మాటను చెవిని పెట్టక దౌహిత్రుని, మేనల్లుని నిరాక్షేపముగా దత్తు తీసుకొనుచునే యుండిరి. ఆచారము చెల్లునని చెన్నపురి ఉన్నత న్యాయస్థానమును అంగీకరింపవలసి వచ్చెను. తాతయొడిలో పెరిగినవాడు ఆ తాతకే కొడుకగుటలో మనవారికి వింత తోపలేదు. ఇరువురు తండ్రులకును కొడుకుగా నుండునట్లు ఒడంబడిక చేసికొను ద్వ్యాముష్యాయణ పద్ధతియు నుండెను. అన్నదమ్ముల నడుమ నొక్క కొడుకే యున్నప్పుడు ఇది యక్కఱకు వచ్చెడిది.

జమీందారీ సంస్థానములలో ఈ బంధము పడిన పాట్లు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. అమరావతిని రాజధానిగా జేసికొనిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తొలుత జగన్నాథబాబును, ఆ దత్తుడు సజీవుడై యుండగనే రామనాథబాబును దత్తు చేసికొనెను. 1816లో నాయుడు గతించిన పిదప వ్యాజ్యములు రేగి, సంస్థానము చితికి, కడకు 1846లో ప్రీవీ కౌన్సిలు ఒక దత్తపుత్రు డుండగా రెండవ దత్తత చెల్లదని నిర్ణయించెను. పిఠాపురపు రాజా గంగాధర రామారావు ఒక బాలుని దత్తు తీసికొనిన పిమ్మట సూర్యారావు జన్మించెను; రాజు మరణశాసనమున సంస్థానమంతయు సూర్యారావునకే వ్రాసెను. దత్తపుత్రుడు సముద్రములకావలి న్యాయపీఠమువఱకు పోరాడియు, అట్టి సంస్థానమును ప్రభువు తన యిచ్చవచ్చినవారికి వ్రాయవచ్చునని 1899లో వెలువడిన తీర్పున నోడిపోయెను. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ గెలిచినవాని పేర వెలసినదే. ఓడినవానిని తలచుకొనువారు లేరు.

అదే 1899లో తెలుగువారిదే యైన బలుసువారి వ్యాజ్యమునందు, ఏకపుత్రుని ఇచ్చుట వసిష్ఠుడు కూడదన్న మాట హితోపదేశమే గాని విధి కాదనియు, జరిగిన దత్తత చెల్లుననియు తీర్పు వచ్చెను. దత్తత పిదప ఔరసుడు పుట్టినచో చెన్నరాజధానియందలి ద్విజులలో దత్తునికి అయిదవ పాలే దక్కెడిది. శూద్రులలో నిరువురికిని సమభాగమేయని 1921లో అరుమిల్లివారి వ్యాజ్యమున స్థిరపడెను. పెద్ద వర్ణములవారి ఉదారతకంటె తక్కిన కులములవారి ఉదారతయే దత్తునికి మేలు చేసినదన్నమాట. పాలివాటాల యందే గాక రాజ్యముల విషయమునను దత్తులు నష్టపోయిరి; గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు దత్తపుత్రుల రాజ్యార్హతను నిరాకరించి సతారా, ఝాన్సీ, నాగపురములను కలుపుకొనిన కథ సుప్రసిద్ధము.

భర్త పోయిన స్త్రీ దత్తత దేశమునకొక తీరున నుండెను. భర్త అనుజ్ఞ లేకున్నను సపిండుల సమ్మతితో దత్తు చేసికొనవచ్చునని దక్షిణదేశమునకు 1868 నాటి రామనాథపురపు తీర్పు మార్గము చూపెను. అయితే కొడుకు ఒడిలోనికి వచ్చిన క్షణముననే ఆస్తి వానిదయ్యెడిది. అతడు చనిపోయిన తండ్రి మరణకాలముననే యున్నట్లు శాస్త్రము భావించెడిది. తాను కోరి తెచ్చుకొనిన బిడ్డ చేతులలోనే తన కూడు గుడ్డ చిక్కుకొనునని యెఱిగిన తల్లులు దత్తత పత్రముననే తమ యావజ్జీవ మనోవర్తికి కొంత భూమి ప్రత్యేకించి వ్రాయించుకొనెడివారు. ప్రేమ లేక ఇట్లు చేసిరనుట తప్పు. దాయాది రేపు ఆ బాలుని చెవిలో నేమి యూదునో వారికి తెలియును.

ఆడుబిడ్డను దత్తు తీసికొనుటకు శాంతను రోమపాదుడును, కుంతిని కుంతిభోజుడును పెంచుకొనిన దృష్టాంతములను నందపండితుడే చూపెను. కాని న్యాయస్థానము లాయన యీ మాటను గ్రహింపలేదు. దేవాలయసేవలో నుండిన భోగమువారు మాత్రము ఆచారబలమున కూతుళ్లను దత్తు తీసికొనెడివారు. రెడ్డి, కమ్మ కులములవారు కూతురిని ఇంటనే యుంచుకొని అల్లుని ఇల్లరికము తెచ్చుకొనుటచే కొడుకు లేని కొఱత తీర్చుకొనిరి. ఇల్లరికపుటల్లుడు దత్తునివలె కన్నవారింటి హక్కును కోల్పోడు. ఇవేవియు గాక, అనాథనో, అక్కచెల్లెండ్ర బిడ్డనో ఏ తంతును లేక పెంచుకొనుట అన్నిటికంటె విస్తారముగా జరిగినది. ఇట్టి పెంపుడు బిడ్డకు చట్టమున చిల్లిగవ్వ హక్కు లేదు. అయినను తలకొఱివి పెట్టినది తఱచుగా ఆ బిడ్డయే.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ వ్యవస్థనంతటిని తిరుగవ్రాసినది. ఆడుబిడ్డ దత్తతయు చెల్లెను. అవివాహితయు, భర్తను కోల్పోయిన స్త్రీయు తమకొఱకే దత్తు తీసికొనగలిగిరి. దత్తహోమ మావశ్యకము గాకపోయెను. అదివఱకే యొకరికి సంక్రమించిన ఆస్తిని దత్తుడు ఊడదీసికొను పద్ధతి అంతరించెను. వివాహిత భర్త సమ్మతితో స్వయముగా దత్తు చేసికొను హక్కు మాత్రము 2010 సవరణవఱకు రాలేదు. ముస్లిములు, క్రైస్తవులు, పారశీకులు చిరకాలము 1890 నాటి చట్టముక్రింద సంరక్షకులుగా మాత్రమే యుండవలసివచ్చెను. 2000 సంవత్సరపు బాలల న్యాయచట్టమును, దాని తరువాతి సవరణలును, 2015 చట్టమును మతభేదము లేక ఎల్లవారికిని అవకాశము కల్పించినవి. విదేశీయుల దత్తతలకు 1984లో సర్వోన్నత న్యాయస్థానము లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యమున నియమములు విధించెను. అయినను శతాబ్దాంతమున తెలంగాణ తండాలలోని పేద తల్లులనుండి స్వల్పధనమునకు ఆడుశిశువులను కొని విదేశములకు పంపిన దుండగములు హైదరాబాదున బయటపడినవి. అజీగర్తు డొక్కడు కాడు. కాని నేటి అజీగర్తుల వెనుక ఆకలితోబాటు మధ్యవర్తియు నిలిచియున్నాడు.

వంశము నిలుపుటకు బిడ్డ యను మాట పోయి, బిడ్డకొఱకు ఇల్లు చూచుట నేటి విధానమైనది. దత్తుడని తెలియనీయక పెంచుట ఒకనాడు ప్రేమకు గుఱుతుగా నెంచబడెను; నేడు పసితనముననే మెల్లగా చెప్పవలెనని పెంపకపు సలహాదారులు బోధించుచున్నారు. ఎదిగిన బిడ్డ తన మూలములను వెదకికొనుటకు నియమములు అవకాశ మిచ్చినవి. 1956 చట్టము ప్రకారము యథావిధిగా జరిగిన దత్తతను పెంచిన తలిదండ్రులు రద్దు చేయజాలరు. బిడ్డయు దానిని త్యజించి కన్నవారి కుటుంబమునకు మరలిపోజాలదు.