ఎడారి పట్నంలో రేకుల మసీదు



ఆస్ట్రేలియా అనగానే మనకు సిడ్నీ, మెల్బోర్న్, క్రికెట్టు ఆట గుర్తుకొస్తాయి. మన పిల్లలు చదువులకనో ఉద్యోగాలకనో వెళ్ళేదీ ఎక్కువగా ఆ మహానగరాలకే. కాని ఆ దేశంలో ముస్లిముల చరిత్ర తెలుసుకోవాలంటే సిడ్నీకి పడమరగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయి, బ్రోకెన్ హిల్ అనే చిన్న గనుల పట్నం చేరాలి. ఆ పట్నం గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

బ్రోకెన్ హిల్ ఎడారి అంచున ఉన్నది. 1883లో చార్లెస్ రాస్ప్ అనే పశువుల కాపలా ఉద్యోగి అక్కడి గుట్ట మీద హక్కు నమోదు చేయించాడు. గుట్టలో వెండి, సీసం, తుత్తునాగం బయటపడ్డాయి. 1885లో బి.హెచ్.పి. కంపెనీ అక్కడే పుట్టింది. నేడు ఆ ఊరి జనాభా పదిహేడు వేల పైచిలుకు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉన్నా, గడియారం మాత్రం దక్షిణ ఆస్ట్రేలియా టైము ప్రకారమే నడుస్తుంది. రైలు అటు నుంచి 1888లోనే వచ్చింది. సిడ్నీతో రైలు కలిసింది 1927లో గాని కాదు.

రైలు లేని ఎడారిలో సరుకు మోసింది ఎవరు? ఒంటెలు. ఆ ఒంటెల్ని నడిపింది మనవాళ్ళు. 1860లో బర్క్, విల్స్ అన్వేషణ యాత్రకు ఒంటెలు తెప్పించారు. 1866 నుంచి థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ రేవు నుంచి వందకు పైగా ఒంటెల్ని, వాటితోపాటు మనుషుల్ని దింపించాడు. తరువాత అరవై ఏళ్ళలో రెండు వేల మందికి తక్కువ కాకుండా వచ్చారు. అందరినీ కలిపి ‘ఆఫ్ఘన్లు’ అన్నారు గాని, వారిలో పఠానులేగాక బలూచీలు, పంజాబీలు, సింధీలు, రాజస్థానీలు కూడా ఉన్నారు. పిండి, నీళ్ళు, ఉన్ని బేళ్ళు, టెలిగ్రాఫ్ సామాను – ఏం కావాలన్నా వారి ఒంటెల మీదే పోవాలి.

అంత కష్టంలోనూ వారు నమాజు మానలేదు. 1887–91 మధ్య బ్రోకెన్ హిల్ ఉత్తరాన, ఒంటెల మకాంలో, మసీదు కట్టుకున్నారు. గుమ్మటం లేదు, మినార్లు లేవు. ముడతల ఇనప రేకులతో కట్టిన చిన్న గది. ముందు వసారాలో వజూకు నీటి కాలువ. అంతే!

కాని ఆదరణ దక్కలేదు. 1901 వలస చట్టం తెల్లవారు కానివారికి తలుపులు మూసింది. ఏదో ఒక ఐరోపా భాషలో డిక్టేషన్ రాయించి, తప్పితే వెనక్కి పంపేవారు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసినా పౌరసత్వం ఇవ్వలేదు.

1915 జనవరి 1న జరిగిన ఘోరాన్ని దాచిపెట్టకూడదు. ఐస్‌క్రీం బండి నడిపే గుల్ మొహమ్మద్, మాంసం కోసే ముల్లా అబ్దుల్లా అనే ఇద్దరు టర్కీ జెండా ఎగురవేసి, విహారయాత్రకు పోతున్న రైలు మీద కాల్పులు జరిపారు. నలుగురు అమాయకులు చనిపోయారు. ఆ ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే, అనుమతి లేని చోట గొర్రెను కోశాడని అబ్దుల్లాకు జరిమానా పడింది. కోపం ఎంతున్నా అమాయకుల ప్రాణం తీయడానికి మన ధర్మంలో చోటు లేదు. ఆ రాత్రి జనం జర్మన్ క్లబ్బును తగలబెట్టి, ఒంటెల మకాం మీదికి కదిలారు. పోలీసులు, సైనికులు అడ్డుపడకపోతే ఏమయ్యేదో! ఇద్దరి పాపానికి, ఏ పాపమూ ఎరుగని వారంతా తలవంచుకోవలసి వచ్చింది.

1920లలో మోటారు లారీలు వచ్చి ఒంటెల బేరం పోయింది. అడవిలో వదిలేసిన ఒంటెల సంతానం నేటికీ తిరుగుతున్నది. కొందరు ముసలితనంలో స్వదేశం చేరారు. కొందరు స్థానిక స్త్రీలను పెళ్ళాడి అక్కడే మట్టిలో కలిశారు. జమాతు లేక మసీదు బోసిపోయింది. ఊరి చరిత్ర సంఘం వారు దాన్ని బాగుచేసి 1968లో మ్యూజియంగా తెరిచారు. అన్యమతస్థులైనా ఆ పని చేశారు. వారికి మన కృతజ్ఞతలు.

ఆ మసీదులో ఒక పాత పుస్తకం ఉండేది. దాన్ని ఖురాన్ అనే అందరూ రాసుకున్నారు. 2009లో సమియా ఖాతూన్ అనే చరిత్రకారిణి వెళ్ళి తెరిచి చూస్తే అది ఖురాన్ కాదు – బెంగాలీలో కలకత్తాలో అచ్చయిన ‘కససుల్ అంబియా’, ప్రవక్తల కథల పద్యగ్రంథం! పదిమందిలో పాడి వినిపించే పుస్తకమది. ఆ లిపి చదవగలిగినవారు అంతదాకా ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. ‘ఆఫ్ఘన్లు’ అన్న ఒక్క మాట కింద బెంగాలీ సోదరులు కనిపించకుండా పోయారు. 2018లో ఆమె తన ‘ఆస్ట్రేలియానామా’ గ్రంథంలో ఈ సంగతి వివరించారు.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. మన చరిత్ర మనం రాసుకోకపోతే ఇతరులు తమకు తోచిన పేరు పెడతారు. వారిని తప్పుపట్టి ఏం లాభం? మన మొహల్లా మసీదు ఎప్పుడు కట్టారు, స్థలం ఎవరిచ్చారు, ఖబరస్తాన్‌లో పేరు చెరిగిన సమాధులు ఎవరివి? ఇంట్లో పెద్దలుండగానే అడిగి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. పాత ఉర్దూ కాగితాలు కనబడితే చదవరాదని పారేయకండి, చదవగలవారికి చూపించండి.

దూరదేశంలో రేకుల కింద సజ్దా చేసిన ఆ అనామక సోదరులకు అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక! ఆమీన్.