జాజ్‌కు రంగులద్దిన మాంట్రియల్ చిత్రం

జాజ్‌ను బొమ్మల్లో చూపించడం అనగానే చాలామంది ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1947లో అచ్చువేయించిన ‘జాజ్’ పుస్తకాన్నే చెబుతారు. పేరు జాజే గానీ, అందులో ఎక్కువ బొమ్మలు సర్కస్‌వి. నిజంగా జాజ్ వింటూ, దాని నడకను బట్టి వేసిన బొమ్మలు కావాలంటే నేను మన కెనడానే చూపిస్తాను.

1949లో నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ‘బిగాన్ డల్ కేర్’ అనే చిన్న చిత్రాన్ని తీసింది. నిడివి ఎనిమిది నిమిషాల లోపే. నార్మన్ మెక్‌లారెన్, ఎవలిన్ లాంబార్ట్ కెమెరా వాడకుండా, ఫిల్ము మీదే నేరుగా రంగులు పూశారు. సంగీతం ఆస్కార్ పీటర్సన్ బృందానిది. పీటర్సన్ మాంట్రియల్‌లో 1925 ఆగస్టు 15న పుట్టారు. ఆ తేదీ మనవాళ్లెవరూ మరిచిపోరు! కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన తండ్రి రైళ్లలో పోర్టరుగా పనిచేస్తూనే పిల్లలకు సంగీతం నేర్పించారు. మెక్‌లారెన్‌ది స్కాట్లాండ్.

ముందు సంగీతం రికార్డు చేశారు. ఏ పలుకు ఎన్ని ఫ్రేములు ఉందో కొలుచుకుని, ఆ పొడవుకు సరిపడా ఫిల్ముపై రంగు వేశారు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి లెక్క తప్పితే దరువు తప్పుతుంది. రంగు తడిగా ఉండగానే వలలాంటి గుడ్డలు అద్ది తీశారు. ఒకరకంగా మన పెడన అద్దకం లాంటిదే, చెక్క అచ్చు ఒక్కటే తక్కువ. తడి రంగు మీద దుమ్ము పడి మచ్చలు వస్తే వాటినీ ఉంచేశారు. మధ్యలో పాట నెమ్మదించే చోట నల్లటి ఫిల్ము మీద గీకిన సన్నటి తెల్లగీతలే కనిపిస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చే భాగం అదే.

లెక్క ఇంత కచ్చితంగా ఉన్నా, పీటర్సన్ వాయింపులో మన కల్పనస్వరాల్లాగా అప్పటికప్పుడు అల్లుకున్నదే ఎక్కువ. పరీక్షల కోసం, పోటీల కోసం సంగీతం నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ సంగతి కళ్లతో చూడటం అవసరమని నా అభిప్రాయం.

ఫిల్మ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో ఈ చిత్రాన్ని ఉచితంగా చూడొచ్చు. మొదటిసారి ఏమీ వివరించకండి. రెండోసారి శబ్దం ఆపేసి చూపించి, ఎక్కడ పియానో వేగం పెరిగిందో అడగండి. తర్వాత కాగితం, నీటిరంగులు, ఉల్లిపాయల వలసంచి ముక్క ఒకటి ఇచ్చి, ఏదైనా పాట పెట్టి వదిలేయండి. బల్ల మీద పాత పేపర్లు పరవడం మాత్రం మరవొద్దు.